ఖాళీ పళ్లెం దగ్గర

ఇటు దగ్గరికి జరుగు శ్యామలా. ఆ ఫోను పక్కన పెట్టి ఈ చాటకు అవతలి అంచు పట్టుకో. పెసళ్లలో రాళ్లు ఏరుతూ వింటే మనసు అటూ ఇటూ పోదు. నాకు కళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయిగానీ, పక్కన ఇంకొక మనిషి ఉంటే పని తొందరగా తెములుతుంది. నీకు మొన్ననే టీచరు కొలువు వచ్చిందని మీ అవ్వ చెప్పింది. ఇప్పుడు మీరంతా పిల్లలకు తెర మీద బొమ్మలు చూపించి పాఠం చెబుతారు కదా, పీపీటీ అంటారు కదా దాన్ని. ఆ సంగతే చెబుతాను. నేను చదివింది రెండో తరగతి. బొమ్మ ఎట్లా ఎగిరి వస్తుందో, ఎట్లా మాయమవుతుందో, దానికి ఏది నొక్కాలో నాకు తెలియదు. కానీ ఒక బొమ్మ దగ్గర ఎవరు ఆగారో, ఎందుకు ఆగారో తెలుసు. అది నా కడుపులో పెట్టుకుంటే అరిగేది కాదు. అందుకే నిన్ను పిలిచాను.

మా ఇంటి సంగతి నీకు తెలియనిది కాదు. నేను, మా ఆయన లింగమూర్తి, కొడుకు కరుణాకర్, కోడలు నవనీత. కొడుకు ఈ కాగజ్‌నగర్‌లోనే పెద్ద బడిలో సారు. కోడలు ఇదే మండలంలో వాంకిడి దిక్కు పల్లెలో చిన్న బడి టీచరు. ఇద్దరిదీ ఒకటే సర్కారు కొలువు, ఇద్దరూ పొద్దున్నే పోవాలి. కానీ ఇద్దరికీ తెల్లవారేది ఒక్క తీరు కాదు. వాడు లేచి, పేపరు విప్పి, "చాయ్" అంటాడు. ఆ ఒక్క మాటతో వాడి పొద్దు మొదలవుతుంది. ఆమె అప్పటికే వాకిలి ఊడ్చి, కూర వండి, క్యారియర్లు కట్టి, మా ఆయన బీపీ గోలీ నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, తడి జుట్టు ముడిచి బస్సు వెంట ఉరుకుతుంది. సాయంత్రం వాడు వచ్చి కుర్చీలో వాలి, "దిమాగ్ ఖరాబైంది ఇయ్యాల" అంటాడు. ఆమె వచ్చి చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోతుంది. ఆమె దిమాగ్ సంగతి ఎవరూ అడగరు. ఒకనాడు ఆమె కాళ్లు పట్టేసి గడప మీద కూర్చుంటే వాడు ఏమన్నాడో తెలుసా? "నీకేంది, చిన్న బడి. అ ఆలు దిద్దిపిచ్చుడే గద." ఆమె లేచి కూర తరగడానికి పోయింది. నాకు మాత్రం మా అత్త బాలవ్వ గొంతు వినబడింది. నేను నిండు నెలలతో బాయి నుంచి నీళ్లు మోసుకొచ్చి కూలబడితే ఆమె అనేది: "ఇంట్ల ఉండేదానికి అలుపేందే?" మనుషులు మారుతారుగానీ ఆ మాటలు ఇంటి గోడలకు సున్నంలాగా అంటుకునే ఉంటాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకుంటే నీకు కథ అందదు. నాకు చిన్నప్పటి నుంచీ ముచ్చట చెప్పడమంటే ప్రాణం. నల్లా దగ్గర జరిగినవి, మా వాడ హనుమండ్లు వాళ్ల మేక పెళ్లి పందిట్లో దూరి పెళ్లికొడుకు బాసింగం నమిలినది, అన్నీ పూసగుచ్చినట్టు గుర్తుంటాయి. మా ఆయనకు అన్నం పెడుతూ చెప్పేదాన్ని. మరునాడు ఆయన దోస్తులు వాకిట్లో కూర్చుంటే, అదే ముచ్చట ఆయన తన కళ్లతో చూసినట్టు చెప్పేవాడు. వాళ్లు కడుపులు పట్టుకొని నవ్వేవాళ్లు. "లింగమూర్తి చెప్తె ఇనాలెరా" అనేవాళ్లు. నేను తలుపు వెనుక చాయ్ గ్లాసులు పట్టుకొని నిలబడి నా ముచ్చటే నేను వినేదాన్ని. మేక పందిట్లోకి తల పెట్టాక ఒక్క క్షణం ఆగాలి శ్యామలా. వినేవాళ్ల ఊపిరి కూడా ఆగాలి. ఆయన ఎప్పుడూ అక్కడ ఆగేవాడు కాదు, పరుగెత్తేవాడు. ఒకసారి ఉండబట్టలేక బయటికొచ్చి, "అది గట్ల కాదు" అన్నాను. "నువ్వుండవే, నేను చెప్తున్న గద" అన్నాడు, ఈగను తోలినట్టు. అప్పుడు కరుణాకర్ ఆయన ఒళ్లో కూర్చొని ఉన్నాడు, చిన్నపిల్లవాడు. నోరు తెరుచుకొని వింటున్నాడు. ఏం నేర్చుకుంటున్నాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇక నవనీత పాఠం సంగతి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ తిని పడుకున్నారు. ఆమె ల్యాప్‌టాప్ పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "అత్తమ్మా, జర మీ చేతులు ఇయ్యిండ్రి" అన్నది. "చేతులేం చేసుకుంటవే, నా గాజులు గూడ పాతయే" అన్నాను. నవ్వి, అటక మీది ఇసుర్రాయి దింపించి, జొన్నలు పోసి ఇసరమన్నది. ఫోటోలు తీసింది. ముఖం వద్దన్నది, చేతులే చాలన్నది. చాట పట్టి చెరిగే చేతులు, జొన్న రవ్వ ఉడికించి గట్క కలిపే చేతులు, ముద్ద పెట్టే చేతులు. వాళ్ల బడి ఊరిలో కొమురవ్వ కలుపు తీసే చేతులు, సాంబయ్య నాగలి పట్టిన చేతులు, కంకి కోసే ఎవరో పిల్ల చేతులు అప్పటికే తీసుకొచ్చి పెట్టుకున్నది.

పాఠం ఏమిటంటే, ముందు తెర నిండా గట్క పళ్లెం వస్తుంది, పక్కన పచ్చిపులుసు. "ఇది ఎవలు చేసిండ్రు?" అని పిల్లలను అడుగుతుంది. పిల్లలు "మా అవ్వ" అంటారు. "అవ్వ ఒక్కతేనా?" అని ఆమె మళ్లీ అడిగితే పళ్లెం పక్కన ఒక చెయ్యి వస్తుంది. పిల్లలు చెబుతున్న కొద్దీ ఒక్కొక్క చెయ్యి వచ్చి పళ్లెం చుట్టూ చేరుతుంది. అన్ని చేతులూ వచ్చాక, ఇప్పుడు చూడండి అని, వచ్చినవాటిని ఒక్కొక్కటిగా పోనిస్తుంది. చివరి చెయ్యి పోయేసరికి పళ్లెంలో గట్క ఉండదు. ఖాళీ పళ్లెం ఒక్కటే మిగులుతుంది.

మొదటిసారి తెర నా కళ్లకు దగ్గరగా పెట్టి చూపినప్పుడు అందులో ఉన్న సంబరం చూడాలి! ఒక చెయ్యి గిరగిరా తిరుగుతూ వచ్చింది, ఒకటి పైనుంచి దూకింది, ఒకటి బంతిలాగా ఎగిరింది. ఒక పేజీ పోయి ఇంకొకటి వచ్చేటప్పుడు తెర అద్దం పగిలినట్టు ముక్కలైంది. టపటపా చప్పుడొకటి.

"ఏందే బిడ్డా, పెండ్లి బరాత్ లైట్ల లెక్క?" అన్నాను.

"మంచిగ లేదా అత్తమ్మా?"

"మంచిగనే ఉన్నది. గని పోరగాండ్లు చెయ్యిని చూస్తరా, దాని తిరుగుడు చూస్తరా?"

ఆమె నవ్వింది. నవ్వి, తెర మూస్తూ మెల్లగా అన్నది: "నాకు వచ్చిన కిటుకులన్నీ పెట్టాలె అనిపించింది అత్తమ్మా. ఎవలన్న చూస్తే, గీమెకు ఇంత వస్తదా అనుకోవాలె గద."

ఎన్నేళ్ల నుంచి ఆ ఒక్క మాట కోసం చూస్తున్నదో. నేను మాట మార్చి పెసళ్లు చేత్తో తడుముతూ ఏరుకుంటూ కూర్చున్నాను. వారం తిరిగేసరికి ఆ ఎగురుడు, దుముకుడు అన్నీ తీసేసింది. చెయ్యి ఇప్పుడు తెల్లవారినట్టు మెల్లగా కనబడుతుంది, పొద్దుగూకినట్టు మెల్లగా పోతుంది. అంతే. ఎన్నో వచ్చినామె ఒక్కటే ఉంచుకున్నది. దానికి ఎంత గుండె కావాలో నీకు తెలియాలి.

చిన్నపిల్లల బడి కదా, ఒకరు కొంగు పట్టుకుంటారు, ఒకరు ముక్కు చీదమంటారు. మాటిమాటికీ పోయి బటను నొక్కడం కుదరదు. అందుకని దానంతట అదే నడిచేటట్టు ఒక ఏర్పాటు ఉన్నదట. ఆమె ఒకసారి పాఠమంతా చెప్పుకుంటూ నొక్కుకుంటూ పోతే, ఎక్కడ ఎంతసేపు ఆగిందో కంప్యూటరు గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత అదే నడకతో నడుస్తుంది. ఆ పాఠం ఆమె నా ముందు కూర్చొని చెప్పింది. నన్నే పిల్లను చేసి అడిగింది, నేను పిల్లలాగానే జవాబు చెప్పాను. ఖాళీ పళ్లెం వచ్చింది. ఆమె నోరు మూసుకున్నది. నేను చూశాను, చూశాను. "మర్చిపోయినవా బిడ్డా?" అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపింది. ఇంకా ఊరుకున్నది. తర్వాత చెప్పింది, మొదటిసారి బడిలో చూపినప్పుడు ఒక పిల్ల, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, ఆ నిశ్శబ్దంలో లేచి నిలబడి, "హాతచ్ నాహీత్, బాయీ" అన్నదట. చేతులే లేవు టీచర్, అని.

"నేను ఏమన్న మాట్లాడితే ఆ పిల్ల నోట్లకెళ్లి ఆ మాట రాకపోవు అత్తమ్మా. పాఠమంతా గా ఆగుడు కోసమే" అన్నది.

మా ఆయన మేక ముచ్చట నాకు గుర్తొచ్చింది. ఆగడం తెలిసిన మనిషి మా ఇంట్లో నేను ఒక్కదాన్నే కాదని ఆనాడు తెలిసింది.

మండలంలో టీచర్లందరూ ఇట్లాంటి పాఠాలు చూపితే నవనీతది ఎంచారు. ఆసిఫాబాద్‌లో జిల్లా వాళ్ల ముందు చూపాలి, అక్కడ గెలిస్తే హైదరాబాద్. ఆమె ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీసింది. ఆవాల రంగు నూలు చీర గంజి పెట్టి ఆరేసుకున్నది. వాడు "మంచిదే" అన్నాడు. ఆ మాట అంటూ ఫోను మీద నుంచి కళ్లు ఎత్తలేదు.

కొన్నాళ్లకు వచ్చి, "అవ్వ కంటి ఆపరేషన్‌కు తారీఖు దొరికింది, కరీంనగర్ల" అన్నాడు. నాకు రెండు కళ్లకూ పొర వచ్చి అప్పటికి చాలా రోజులైంది, మనుషులు మంచులో నిలబడ్డట్టు కనబడేవాళ్లు. తారీఖు చెప్పాడు. అది సరిగ్గా ఆసిఫాబాద్ తారీఖే.

"వేరే రోజు అడుగుండ్రి" అన్నది నవనీత.

"పెద్ద డాక్టరు. మళ్ల దొరకడు."

"అయితే ఆ రోజు మీరు తోల్కపోరా?"

"ఆపరేషన్ ఆడమనిషికి. పక్కన ఆడమనిషి ఉండాలె గద. అవ్వ కన్ను కన్న నీ బొమ్మలాట ఎక్కువనా?"

"నా కన్నేడికి పోతదిరా, ఆగుతది" అన్నాను నేను.

"నువ్వూకో అవ్వా, నీకు తెల్వదు."

"కోడలన్నంక చూసుకోవాలె గద" అన్నాడు మా ఆయన, మంచం మీద నుంచే.

నవనీత నా ముఖం వైపు చూసింది. నాకు ఆమె ముఖం సరిగ్గా కనబడలేదు, ఆ పొర వల్ల. అది కూడా నయమే అనుకున్నాను. మరునాడు మండల ఆఫీసులో తాను రాలేనని చెప్పి వచ్చింది. చీర మడతపెట్టి బీరువాలో పెట్టింది.

ఆ వెంటనే వాడు, "మన మండలం పేరు ఊకెనే పోతది. నీ ఫైలు ఇయ్యి, నేను చూపిస్త. సార్లతోని మాట్లాడిన" అన్నాడు. ఆమె "నా పేరు చెప్తరా?" అని అడిగింది. "చెప్పకుంటే నాకేమొస్తదే? చివర్ల నీ పేజీ ఉండనే ఉన్నది గద" అన్నాడు. ఆఖరున ఆకుపచ్చ రంగు పేజీ ఒకటి ఉండేది, దాని మీద ఆమె పేరు, ఆమె బడి పేరు. నేను తెరకు కళ్లు ఆనించి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేదాన్ని. ఆమె ఇచ్చింది. ఇస్తూ, "ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి, ఖాళీ పళ్లెం కాడ అది చానాసేపు ఆగుతది, అప్పుడు మీరేం మాట్లాడొద్దు" అన్నది. "ఇరవై ఏండ్ల సర్వీసు నాది. నాకు నేర్పుతవా?" అన్నాడు.

ఆ తారీఖు ముంగిట్లోకి వచ్చాక చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడు, డాక్టరు ఊరికి పోయాడు, ఆపరేషన్ వాయిదా పడింది అని. "అయితే నేనే పోత" అన్నది నవనీత, చేతిలో గరిటె అట్లాగే ఉన్నది. "ఒకపారి పేరు మార్చినంక మళ్ల మారుస్తరా? నవ్వుతరు" అన్నాడు. "నేను అవ్వను తోల్కపోత. ఆ చేతులు ఈమెయే అని అందరికి చూపెడుత."

పొద్దున ఆమెనే నాకు చీర కట్టింది. ఆవాల రంగుదే, తనదే. కుచ్చిళ్లు సర్దుతూ కింది నుంచి అన్నది: "అత్తమ్మా, పేరు ఎట్ల చెప్తడో మంచిగ ఇని వచ్చి నాకు చెప్పుండ్రి." అని తన బడికి తాను బస్సెక్కి పోయింది. ఆమె చెవులు నేను పెట్టుకొని ఆసిఫాబాద్ పోయాను.

పెద్ద హాలు, కుర్చీలు, చాయ్ వాసన. పక్కన స్వరూప కూర్చున్నది. మా మండలం టీచరే, నవనీతకు దోస్తు. అంత దూరం నుంచి నాకు తెర మీద వెలుగు తప్ప ఏమీ కనబడదు. కానీ ఆ పాఠం ఎన్నిసార్లు విన్నానో, వెలుగు మారితే చాలు, ఏ బొమ్మ వచ్చిందో చెప్పగలను.

మా వాడు మైకు పట్టుకున్నాడు. తెర మీద ఏదో గిరగిరా తిరిగి వచ్చి నిలబడింది, దాని వెంట చప్పట్లు. నా చుట్టుపక్కల ఎవరి చేతులూ మోగలేదు, చప్పట్లు ఆ కంప్యూటర్లో నుంచే వచ్చాయి. "ఏం రాసున్నది బిడ్డా?" అని స్వరూపను అడిగాను. "సార్ పేరు" అన్నది.

పోనీలే, ముందు తన పేరు వేసుకున్నాడు, చివర ఆమె పేరు చెబుతాడు అనుకున్నాను. పాఠం నడిచింది. నడిచింది అంటే అది నడిచింది, వాడు దాని వెంట ఉరికాడు. వాడు కలుపు గురించి చెబుతుండగానే వెలుగు మారి కోత వస్తుంది. కోత అందుకునేసరికి ఇసుర్రాయి వస్తుంది. అది నవనీత ఊపిరి శ్యామలా. ఆమె ఎక్కడ మాట అందుకుంటుందో, ఎక్కడ పిల్ల ముక్కు తుడుస్తుందో, ఎక్కడ నా జవాబు కోసం చూస్తుందో, అంతా అందులో ఉన్నది. చేతులు వచ్చాయి, చేతులు పోయాయి. తెర తెల్లబడింది. ఖాళీ పళ్లెం.

నేను ఊపిరి బిగబట్టాను. హాలంతా కూడా ఒక్క క్షణం ఊరుకున్నది. వెనుక ఎవరిదో గ్లాసు చప్పుడు కూడా ఆగింది.

"సారీ సర్" అన్నాడు మా వాడు. "కంప్యూటర్ జర హ్యాంగ్ అయినట్టున్నది."

నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు. టకటకా నొక్కాడు. నేను ఆమె పేరున్న ఆకుపచ్చ వెలుగు కోసం చూశాను. రాలేదు. తెర నల్లగా అయింది. "ఈ పాఠం మా అవ్వకు అంకితం. ఆ చేతులు మా అవ్వయి. ఆమె ఇక్కడనే ఉన్నది" అన్నాడు. ఈసారి నిజం చప్పట్లు మోగాయి. నవనీత అన్న నాలుగక్షరాలు వాడి నోట రాలేదు. మరిచిపోయాడేమో అనుకుందామంటే, ఆ పచ్చ పేజీ తనంతట తాను పోదు కదా.

ఆ చప్పట్ల మధ్యనే స్వరూప నా చెవి దగ్గరికి వంగింది. "పెద్దమ్మా, ఒక మాట. నవనీత మీ ఆపరేషన్ కొత్త తారీఖు కనుక్కోమన్నది. మా వదిన గా దవాఖాన్లనే చేస్తది. మీ పేరు ఎన్నడు రాయియ్యలేదట పెద్దమ్మా. అప్పుడు లేదు, ఇప్పుడు లేదు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్వరూప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎంతమంది ఎన్ని మాటలన్నా పడ్డాను. నా ముచ్చట్లు మా ఆయన చెప్పుకుంటే, నా కష్టం మా అత్త లెక్కలో వేయకుంటే, పోనీ అనుకున్నాను. కానీ నా కన్ను! నేను కని, చూసి చూసి పెంచినవాడు, నా చూపులేనితనాన్ని తలుపుకు గడియలాగా పెట్టి దాని వెనుక ఆమెను మూసేశాడు. ఎవరి పేరు చెబితే ఆమె కిక్కురుమనదో వాడికి తెలుసు. నా పేరు చెబితే. ఆమె నా మీద పెట్టుకున్న ప్రేమే ఆమె మెడకు తాడయింది. ఆ తాడుకు వాడు నా చీర కొంగే వాడాడు. ఇప్పుడు నన్నే పైకి పిలిచి, నలుగురిలో అవ్వ అని మురిపిస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. అవ్వను తలుచుకొని మురిసే కొడుకును ఎవరు తప్పు పడతారు? నా మీద చూపే ఆ గౌరవం కూడా ఆమె దగ్గర గుంజుకున్నదే.

"రా అవ్వా" అని వాడే చెయ్యి పట్టి మెట్లు ఎక్కించాడు. వాడి చెయ్యి వెచ్చగా ఉన్నది, చిన్నప్పటిలాగానే. ఎవరో శాలువా కప్పారు. "తల్లీ, రెండు మాటలు చెప్పండి" అని మైకు నోటి దగ్గర పెట్టారు. "సంతోషం అని చెప్పవ్వా, చాలు" అని వాడు మెల్లగా అన్నాడు.

నాకు భయమేసింది శ్యామలా, అబద్ధమెందుకు. అంతమందిలో ఎన్నడూ మాట్లాడలేదు. తలుపు వెనుక నిలబడే అలవాటు నాది.

"గా ఖాళీ పళ్లెం మల్లొకపారి పెట్టుండ్రి" అన్నాను.

"ఎందుకవ్వా ఇప్పుడు" అన్నాడు వాడు.

"పెట్టుండ్రి."

ఎవరో పెట్టారు. తెర తెల్లబడింది. నేను నోరు మూసుకొని నిలబడ్డాను. ముందు కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. పాపం, ముసలామె మరిచిపోయింది అనుకొని ఉంటారు. తర్వాత దగ్గు ఆగింది. వాడు "అవ్వా" అన్నాడు, నేను పలకలేదు. నిశ్శబ్దం చిక్కబడింది, గట్క చిక్కబడ్డట్టు. అప్పుడు వెనుక వరుసల్లో ఆడగొంతు ఒకటి, ఎవరో నాకు తెలియదు, తనలో తాను అనుకున్నట్టు అన్నది: "చేతులు లేవు."

"ఆఁ" అన్నాను. "కంప్యూటర్ ఆగలే సారూ. గాడ నా కోడలు ఆగింది. ఆమె పేరు నవనీత."

అంతే చెప్పి దిగాను. ఈసారి మెట్లు నేనే తడుముకుంటూ దిగాను.

ఏమైంది అంటావా? ఏమీ కాలేదు. వేరే మండలం ఆయన ఎవరో గెలిచి హైదరాబాద్ పోయాడు. నవనీతను ఎవరూ పిలిచి శాలువా కప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా వాడు మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, "నల్గురిల నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. "కన్నకొడుకును గట్ల చేస్తరానే?" అన్నాడు మా ఆయన. "నువ్వుండు, నేను చెప్తున్న గద" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎట్లా వచ్చిందో, ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కున్నదో! ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

నవనీత బడి నుంచి వచ్చింది. క్యారియర్ గిన్నెలు విప్పి నల్లా కింద పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు పేరు చెప్పలేదని చెబితే, ఆమె గిన్నెలు తోముతూనే ఉన్నది. నేను చెప్పానని చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నానా? లేదు. "ఎందుకు చెప్పిండ్రు అత్తమ్మా? రేపు పొద్దున నేను గీ ఇంట్లనే లేవాలె గద" అన్నది. నీళ్లు గిన్నెల మీద పడుతూనే ఉన్నాయి. ఒక గిన్నె కడిగి బోర్లించి అడిగింది, "ఖాళీ పళ్లెం కాడ ఎంతసేపు ఉండనిచ్చిండ్రు?"

"నువ్వు ఉండేటంతసేపు."

నల్లా కట్టేసింది. దవాఖానలో నా పేరే రాయించలేదన్న మాట అప్పుడు చెప్పాను. ఆమె తడి చేతులతోనే నేల మీద కూర్చుండిపోయింది. ఫైలు పోయినందుకు, పేరు పోయినందుకు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. "మీ కన్ను అనేసరికి నేను ఇంకొక్క మాట గూడ అడగలే అత్తమ్మా. ఒక్క ఫోను చేస్తే తెలుస్తుండె. మీ కన్ను విషయంల మనిషి అబద్ధమాడుతడని నాకెట్ల తెలుస్తది?" నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఓదార్చే మాట నా దగ్గర లేదు. మాట లేనప్పుడు ఊరుకోవాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మరునాడు నేనే ఆమె ఫోను అడిగి, స్వరూప వదినతో మాట్లాడి, తారీఖు రాయించుకున్నాను. సెలవు రోజు చూసుకొని కాదు. బడి ఉన్న రోజే రాయించుకున్నాను. కొడుకును పిలిచి, "నువ్వు సెలవు పెట్టు" అన్నాను.

"నేనా? ఆడమనిషి…"

"నువ్వే. కండ్లల్ల చుక్కలు గూడ నువ్వే వెయ్యాలె. నా కన్ను పేరు చెప్పి ఇంక ఎవలనూ ఇంట్ల కూసుండవెట్టకు."

సెలవు పెట్టాడు. ముఖం ముడుచుకొనే పెట్టాడు, అయినా పెట్టాడు. పట్టీ తీశాక నాకు మొదట కనబడింది ఏమిటో తెలుసా? చుక్కల సీసా పట్టుకున్న వాడి చెయ్యి. దగ్గరగా, ప్రతి గీతా కనబడేటంత స్పష్టంగా. నవనీత పాఠంలో ఈ ఇంటి మగ చెయ్యి ఒక్కటీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. వాడికి ఆ సంగతి తెలుసో లేదో. వాడు ఆమెకు క్షమాపణ చెప్పనూ లేదు, ఆమె అడగనూ లేదు. ఆమె ఇప్పుడు ఫైలు దాచుకునే చోటు వాడికి చెప్పదు. ఆ ఇద్దరి మధ్య ఏది ముక్కలైందో అది ఏ బటను నొక్కినా అతకదు.

ఇక చాట ఇటు ఇవ్వు, రాళ్లు అయిపోయాయి. నువ్వు ఒక్కటి చెయ్యాలి బిడ్డా. ఈ ముచ్చట గుర్తు పెట్టుకో. నీ బడిలో చెప్పు, బస్సులో చెప్పు, నీకు నచ్చినట్టు చెప్పు, నా పేరు లేకున్నా నాకు బాధ లేదు. కానీ ఖాళీ పళ్లెం దగ్గరికి వచ్చాక జర ఆగు. వినేవాళ్లు ఎవరైనా, "ఏమైంది, మర్చిపోయినవా?" అని అడుగుతారు. అప్పుడు చెప్పు, "లేదు, ఇక్కడ ఆగింది నవనీత" అని.